షరతు నిన్నటిది, ఫలితం ఇవాళ్టిది: ‘ఇఫ్’ వాక్యాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ‘ఇంగ్లిష్ సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మిక్స్‌డ్ కండిషనల్స్ గురించే, అంటే షరతు ఒక కాలానిది, ఫలితం ఇంకో కాలానిది అయిన ‘ఇఫ్’ వాక్యాల గురించే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులిస్తున్నాం. ‘వి1, వి2, వి3’ అంటే మీ పుస్తకాల్లో ఉన్నవే: గో, వెంట్, గాన్.

ప్రశ్న: గైడులో జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు రకాలిచ్చిన్రు. నాలుగూ కంఠస్థం చేసిన. కానీ ఒక పాత ప్రశ్నపత్రంల ‘ఇఫ్ షి హ్యాడ్ టేకెన్ ద మెడిసిన్, షి వుడ్ బి ఫైన్ నౌ’ అని ఉంది. ముందు సగం థర్డ్ లెక్క, వెనక సగం సెకండ్ లెక్క కనిపిస్తుంది. ఇది ఒప్పేనా?
— ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ఒప్పే. మందు వేసుకోకపోవడం జరిగిపోయిన సంగతి. ఒంట్లో బాగాలేకపోవడం ఇప్పటి సంగతి. రెండు సగాలకూ రెండు కాలాలు కాబట్టి రెండు రకాల క్రియలు వచ్చాయి.

గైడుల్లో నాలుగు రకాలను నాలుగు గళ్లలో అచ్చు వేయడం వల్ల, వాక్యంలో రెండు సగాలూ ఒకే గడి నుంచి రావాలేమో అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో అలాంటి నియమం లేదు. ఏ సగం క్రియను ఆ సగం కాలమే నిర్ణయిస్తుంది. పక్క సగంలో ఏముందో చూడక్కర్లేదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే రకాల పేర్లు మరిచిపోయినా వాక్యం తప్పు పోదు.

జరగనిదాన్ని, నిజం కానిదాన్ని ఊహించి చెప్పేటప్పుడు ఇంగ్లిష్ క్రియను ఒక మెట్టు వెనక్కి దింపుతుంది. ఇప్పటి ఊహకు వి2 వాడుతుంది. గతం గురించిన ఊహ అయితే ఇంకో మెట్టు దిగి ‘హ్యాడ్ + వి3’ అంటుంది. ఇది ఇఫ్ ఉన్న సగం సంగతి. ఫలితం చెప్పే సగంలో, ఇప్పటిదైతే ‘వుడ్ + వి1’, జరిగిపోయినదైతే ‘వుడ్ హ్యావ్ + వి3’. అంటే షరతుకు రెండు రూపాలు, ఫలితానికి రెండు రూపాలు. కలిపితే నాలుగు జతలు వస్తాయి. రెండూ ఇప్పటివైతే మీ గైడు దాన్ని సెకండ్ అంటుంది, రెండూ గతానివైతే థర్డ్ అంటుంది. మిగిలిన రెండు జతల పేరే మిక్స్‌డ్.

మన దగ్గరి విషయంతోనే ఒకటి కడదాం. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పటిదాకా సూర్యాపేట నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ‘2016లో జిల్లాలను విడగొట్టకపోయుంటే సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది’ అని ఇంగ్లిష్‌లో చెప్పాలి.

ముందు షరతును పట్టుకుని ‘ఇది ఎప్పటిది?’ అని అడగండి. 2016 నాటిది, అయిపోయింది. కాబట్టి హ్యాడ్ + వి3. జిల్లాలను ఎవరో విడగొట్టారు కాబట్టి పాసివ్ కూడా కావాలి: ‘ఇఫ్ ద డిస్ట్రిక్ట్స్ హ్యాడ్ నాట్ బీన్ డివైడెడ్ ఇన్ 2016’. తర్వాత ఫలితాన్ని పట్టుకుని అదే ప్రశ్న అడగండి. ‘ఇంకా’ అంటున్నాం, అంటే ఇవాళ్టిది. కాబట్టి వుడ్ + వి1: ‘సూర్యాపేట వుడ్ స్టిల్ బి ఇన్ నల్లగొండ డిస్ట్రిక్ట్’. నడుమ ఒక కామా పెడితే వాక్యం పూర్తయింది. ఇదే వాక్యాన్ని వెనక నుంచి మొదలుపెట్టి ‘సూర్యాపేట వుడ్ స్టిల్ బి...’ అని ఫలితం ముందు రాస్తే, ఇఫ్‌కు ముందు కామా అక్కర్లేదు.

మీరడిగిన వాక్యంలో ‘నౌ’ ఉన్నట్టే ఇక్కడ ‘స్టిల్’ ఉంది. ప్రశ్నపత్రంలో ఖాళీలు పూరించమన్నప్పుడు నౌ, టుడే, స్టిల్, ఎట్ ద మూమెంట్, ఎనీ మోర్ లాంటి మాటలు ఫలితం సగంలో కనిపిస్తే, ఇఫ్ పక్కన హ్యాడ్ ఉంది కదా అని చెయ్యి తొందరపడి ‘వుడ్ హ్యావ్’ రాయకుండా చూసుకోండి. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ప్రశ్న: మా పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. తెలుగులో మాత్రం ‘ఉండేది, కొనేవాణ్ణి’ అన్న రూపాలు అన్ని చోట్లా సరిపోతాయి. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అని బోర్డు మీద రాసి ఇంగ్లిష్‌లో చెప్పమంటే తరగతిలో మూడు జవాబులు వచ్చాయి. ఏది సరైనది? దీన్ని నేర్పే పద్ధతి ఏమైనా ఉందా?
— ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ మూడు జవాబులు కిందివే అయితే మూడూ సరైనవే. అసలు చిక్కంతా అందులోనే ఉంది.

దుకాణంలో నిలబడి, జేబులో పైసల్లేక అన్న మాటైతే: ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.’ మొన్న సంతలో ఒక కోడెదూడ నచ్చింది, ఆ రోజు చేతిలో డబ్బు లేక వదిలేశాం అని చెప్పడమైతే: ‘ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్.’ ఇక్కడ హ్యాడ్ రెండుసార్లు రావడం అచ్చుతప్పు కాదు. మొదటిది సహాయక క్రియ, రెండోది ‘హ్యావ్’కు వి3. ఇక మూడోది: ‘మాకు ఎప్పుడూ డబ్బుకు కటకటే. అదే డబ్బున్నవాళ్లమైతే మొన్న ఆ దూడను కొనేవాళ్లమే.’ షరతు నిన్నా ఇవాళా ఒకే తీరుగా ఉన్న పరిస్థితి, ఫలితం మొన్నటిది: ‘ఇఫ్ వి హ్యాడ్ మనీ, వి వుడ్ హ్యావ్ బాట్ ఇట్.’ ఇది మిక్స్‌డ్.

తెలుగులో కాలాన్ని మనం సందర్భాన్ని బట్టి, లేదా ‘అప్పుడు, ఇప్పుడు, ఈపాటికి’ లాంటి మాటలతో తెలుసుకుంటాం. ఇంగ్లిష్ దాన్ని క్రియలోనే పెట్టమంటుంది. కాబట్టి తరగతిలో అనువాదానికి ముందు ఒక పని చేయించండి. తెలుగు వాక్యంలోని ఒక్కో సగానికి ముందు ‘అప్పుడు’ గానీ ‘ఇప్పుడు’ గానీ ‘ఎప్పుడూ’ గానీ పెన్సిలుతో రాయమనండి. ఏ మాట పెట్టాలో పిల్లవాడికి తోచకపోతే వాక్యం ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు ఇంగ్లిష్ జోలికి పోకుండా, ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో తెలుగులోనే మాట్లాడించండి. మాటలు కుదిరాక క్రియ దానంతట అదే వస్తుంది: షరతు ముందు ‘అప్పుడు’ ఉంటే హ్యాడ్ + వి3, ‘ఇప్పుడు’ లేదా ‘ఎప్పుడూ’ ఉంటే వి2. ఫలితం ముందు ‘అప్పుడు’ ఉంటే వుడ్ హ్యావ్ + వి3. ‘ఇప్పుడు’ ఉంటే వుడ్ + వి1.

మీ ఊరి మీదనే ఒక వాక్యం ఇవ్వండి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లతో వరి పండి, ఆ వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. ‘సాగర్ కట్టకపోయుంటే మిర్యాలగూడలో ఇన్ని రైస్ మిల్లులు ఉండేవి కావు.’ పెన్సిలు మాటలు: అప్పుడు, ఇప్పుడు. ఇంగ్లిష్‌లో: ‘ఇఫ్ నాగార్జునసాగర్ హ్యాడ్ నాట్ బీన్ బిల్ట్, మిర్యాలగూడ వుడ్ నాట్ హ్యావ్ సో మెనీ రైస్ మిల్స్ టుడే.’

ఈ వాక్యం కావాలనే ఇస్తున్నాం. ఇందులో ‘వుడ్ నాట్ హ్యావ్’ చూసి కొందరు పిల్లలు ‘ఇది థర్డ్ కదా సార్’ అంటారు. ఇక్కడి హ్యావ్ సహాయక క్రియ కాదు, ‘కలిగి ఉండు’ అన్న అసలు క్రియ. గుర్తుపట్టడం తేలికే. వుడ్ హ్యావ్ తర్వాత వి3 ఉంటే అది గతం. ‘సో మెనీ రైస్ మిల్స్’, ‘ఎ జాబ్’, ‘టూ ఎకర్స్’ లాగా వస్తువు పేరు ఉంటే అది ఇప్పటిది. ‘వుడ్ హ్యావ్ ఎ జాబ్’ అంటే ఇప్పుడు ఉద్యోగం ఉండేది. ‘వుడ్ హ్యావ్ హ్యాడ్ ఎ జాబ్’ అంటే అప్పట్లో ఉద్యోగం ఉండేది.

ఇంకో మాట. తెలుగులో ‘ఇప్పటికి, ఈపాటికి’ అన్నప్పుడు కొంచెం ఆగాలి. ‘పాలిటెక్నిక్ చదివుంటే ఈపాటికి ఉద్యోగం వచ్చేది’, ‘పాలిటెక్నిక్ చదివుంటే ఇప్పుడు ఉద్యోగంలో ఉండేవాణ్ణి’: రెండూ దాదాపు ఒకే అర్థం ఇచ్చినా ఇంగ్లిష్‌లో క్రియ మారుతుంది. ఉద్యోగం రావడం ఒక ఘటన. ఈపాటికే జరిగి ముగిసి ఉండేదని చెబుతున్నాం కాబట్టి ‘ఐ వుడ్ హ్యావ్ గాట్ ఎ జాబ్ బై నౌ’. ఉద్యోగంలో ఉండటం ఒక స్థితి. ఈ క్షణాన సాగుతూ ఉండేది కాబట్టి ‘ఐ వుడ్ బి ఇన్ ఎ జాబ్ నౌ’, లేదా ‘ఐ వుడ్ బి వర్కింగ్ నౌ’. ‘బై నౌ’లో నౌ ఉంది కదా అని కళ్లు మూసుకుని వుడ్ + వి1 పెట్టిస్తే పిల్లలు ‘ఐ వుడ్ గెట్ ఎ జాబ్ బై నౌ’ అని రాసేస్తారు. అది తప్పు.

ప్రశ్న: మా బిడ్డ డిగ్రీ చదువుతుంది. పరీక్షల ‘ఇఫ్ మై ఫాదర్ వుడ్ హ్యావ్ సెంట్ మి టు హైదరాబాద్, ఐ వుడ్ హ్యావ్ బికేమ్ ఎ లెక్చరర్ నౌ’ అని రాస్తే ఎర్ర పెన్నుతోటి మొత్తం కొట్టేసిన్రు. ఏం తప్పు పోయిందో చెప్పెటోళ్లు ఇంట్ల లేరు. జర వివరంగ చెప్పగలరు.
— ఒక తండ్రి, నారాయణపేట

జవాబు: మీ అమ్మాయి వాక్యంలో మూడు చోట్ల దిద్దాలి, మూడూ తేలిగ్గా దిద్దుకోదగ్గవే.

మొదటిది, ఇఫ్ ఉన్న సగంలో ‘వుడ్ హ్యావ్’ రాసింది. ఊహించి చెప్పే వాక్యాల్లో ఇఫ్ పక్కన వుడ్ రాదు, అక్కడ ‘హ్యాడ్ సెంట్’ రావాలి. అమెరికా వాళ్ల మాటల్లో ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్’ వినిపిస్తుంది. సినిమాల్లో, వీడియోల్లో విని పిల్లలు అలవాటు చేసుకుంటారు. పరీక్షలో మాత్రం అది తప్పే. (‘ఇఫ్ యు వుడ్ సైన్ హియర్’ అని బ్యాంకులో మర్యాదగా అడగడం వేరు. అది ఊహ కాదు, విన్నపం.)

రెండోది ‘హ్యావ్ బికేమ్’. హ్యావ్ తర్వాత వి3 రావాలి. బికమ్‌కు వి3 మళ్లీ బికమే. ఈ జాతి క్రియలే మిక్స్‌డ్ వాక్యాల్లో ఎక్కువగా దెబ్బ తీస్తాయి: కమ్, కేమ్, కమ్, రన్, ర్యాన్, రన్, గో, వెంట్, గాన్, డ్రింక్, డ్రాంక్, డ్రంక్, బిగిన్, బిగాన్, బిగన్. అమ్మాయిని వీటిని పైకి చదివి నోటికి పట్టించుకోమనండి. ‘వుడ్ హ్యావ్ వెంట్’, ‘హ్యాడ్ కేమ్’ అన్నవి చెవికే అడ్డం తగలాలి.

మూడోది ‘నౌ’. లెక్చరర్‌గా ఉండటం ఇప్పటి స్థితి, కాబట్టి ‘వుడ్ బి’. దిద్దిన వాక్యం: ‘ఇఫ్ మై ఫాదర్ హ్యాడ్ సెంట్ మి టు హైదరాబాద్, ఐ వుడ్ బి ఎ లెక్చరర్ నౌ.’

‘వుడ్ హ్యాడ్’ అని కూడా చాలామంది రాస్తున్నారు. వుడ్ తర్వాత ఎప్పుడూ వి1 రూపమే, అంటే హ్యావ్. ముందున్నది హీ అయినా షీ అయినా అంతే.

ప్రశ్న: ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ‘గత నెల మిషన్ ఆగిపోయినప్పుడు మీరే షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయితే ఏం చేసేవారు?’ అని ఇంగ్లిష్‌లో అడిగారు. ‘ఇఫ్ ఐ వర్’ అనాలా, ‘ఇఫ్ ఐ హ్యాడ్ బీన్’ అనాలా తేలక తడబడ్డాను.
— జడ్చర్ల

జవాబు: రెండూ చెల్లుతాయి, భావంలో కొద్దిగా తేడా ఉంది. ‘ఇఫ్ ఐ హ్యాడ్ బీన్ ద షిఫ్ట్ ఇన్‌చార్జ్ దట్ డే’ అంటే ఆ రోజు, ఆ డ్యూటీ వరకు. ‘ఇఫ్ ఐ వర్ ద షిఫ్ట్ ఇన్‌చార్జ్’ అంటే ఇప్పుడూ మీరు ఇన్‌చార్జ్ కాదు, అయ్యుంటే అన్న మొత్తం ఊహ. ఫలితం మాత్రం గత నెలది కాబట్టి రెండింటికీ ఒకటే: ‘ఐ వుడ్ హ్యావ్ స్టాప్డ్ ద లైన్ అండ్ కాల్డ్ మెయింటెనెన్స్.’

రెండో పద్ధతిని, అంటే షరతు ఇప్పటికీ అలాగే ఉన్న స్థిరమైన సంగతి, ఫలితం జరిగిపోయినది అయిన దాన్ని, గైడుల్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మాట్లాడేటప్పుడు ఇది చాలా అవసరం కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

దీన్ని వాడాలా వద్దా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది: షరతులో చెప్పిన లోటు ఇవాళ కూడా అలాగే ఉందా? ఉంటే వి2. ఈమధ్య తీరిపోయి ఉంటే హ్యాడ్ + వి3. ఒకతనికి రాయచూర్‌లో ఉద్యోగం దొరకలేదు, కన్నడ రాదు కాబట్టి. ఇప్పటికీ రాదు: ‘ఇఫ్ ఐ స్పోక్ కన్నడ, ఐ వుడ్ హ్యావ్ గాట్ దట్ జాబ్.’ ఆ తర్వాత నేర్చుకున్నాడు, కానీ అప్పుడు రాదు: ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్పోకెన్ కన్నడ దెన్, ఐ వుడ్ హ్యావ్ గాట్ దట్ జాబ్.’ మొదటి వాక్యం వింటే ఇతనికి ఇవాళ్టికీ కన్నడ రాదని వినేవాడికి తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో ఇది చిన్న సంగతి కాదు. నేర్చుకున్న పనిని ఇంకా రానట్టు చెప్పుకోవడం అవుతుంది.

‘నీ స్థానంలో నేనుంటే నిన్ననే ఫోన్ చేసేదాన్ని’ అన్నది కూడా ఈ జాతిదే. నేను నువ్వు కావడం నిన్నా జరగదు, రేపూ జరగదు. అందుకే ఎప్పుడూ ‘ఇఫ్ ఐ వర్ యు, ఐ వుడ్ హ్యావ్ కాల్డ్ హిమ్ యెస్టర్‌డే’. మాట్లాడేటప్పుడు ‘ఇఫ్ ఐ వాజ్’ అనేవాళ్లు ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు. ‘ఇఫ్ ఐ వర్ యు’ అన్న జంటలో మాత్రం, పరీక్షలో మాత్రం వర్ వాడండి.

ఇందులో ఒక హద్దు ఉంది. ఒక్కసారి జరిగి ముగిసిన పనికి ఇది పనికిరాదు. ‘ఇఫ్ ఐ డిడ్ నాట్ మిస్ ద బస్ యెస్టర్‌డే, ఐ వుడ్ హ్యావ్ అటెండెడ్ ద ఇంటర్వ్యూ’ తప్పు. బస్సు తప్పిపోవడం నిన్న ఒక్కసారి జరిగింది, ‘హ్యాడ్ నాట్ మిస్డ్’ రావాలి. బి, హ్యావ్, నో, లివ్, లైక్, స్పీక్, కెన్‌కు బదులు వచ్చే కుడ్, ఇంకా తాగుడు, పొగతాగడం లాంటి అలవాట్లను చెప్పే క్రియలు మాత్రం ఈ పద్ధతిలో బాగా ఒదుగుతాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ల గురించి చెప్పాలంటే: ‘ఇఫ్ ద గ్రౌండ్ వాటర్ డిడ్ నాట్ కంటైన్ సో మచ్ ఫ్లోరైడ్, సో మెనీ చిల్డ్రన్ వుడ్ నాట్ హ్యావ్ గ్రోన్ అప్ విత్ బెంట్ లెగ్స్.’ భూగర్భ జలం గుణం ఇవాళ్టికీ ఉన్నది, అందుకే ‘డిడ్ నాట్ కంటైన్’. పిల్లల కాళ్లు వంగిపోవడం జరిగిపోయింది, అందుకే ‘వుడ్ నాట్ హ్యావ్ గ్రోన్’.

ప్రశ్న: లిజనింగ్ టెస్టులో ‘ఐడ్’ అని వినిపిస్తుంది. అది ఐ హ్యాడా, ఐ వుడా తెలియడం లేదు.
— వనపర్తి

జవాబు: ఆ శబ్దాన్ని పట్టుకుని తేల్చలేరు, ఎందుకంటే రెండింటినీ ఒకేలా పలుకుతారు. తర్వాతి మాట కోసం ఆగండి. వి3 వస్తే హ్యాడ్: ‘ఇఫ్ ఐడ్ నోన్’. వి1 వస్తే వుడ్: ‘ఐడ్ బి దేర్ నౌ’. ‘హ్యావ్’ వచ్చినా వుడే. ‘బెటర్’ వస్తే హ్యాడ్. కమ్, బికమ్, రన్, పుట్, కట్ లాంటి వాటికి వి1, వి3 ఒకటే కాబట్టి అక్కడ ఏ సగమో చూడాలి. ‘ఇఫ్ హీడ్ కమ్ ఆన్ టైమ్, హీడ్ బి సిటింగ్ హియర్’ అన్నప్పుడు ఇఫ్ పక్కనున్నది హ్యాడ్, రెండోది వుడ్.

‘వుడ్ హ్యావ్’ను గబగబా ‘వుడవ్’ అంటారు. అది విని ‘హ్యావ్’ బదులు ‘ఆఫ్’ రాసేవాళ్లు చాలామంది. రాసేటప్పుడు హ్యావ్ అనే రాయాలి.

ప్రశ్న: ‘ఇఫ్ ద బస్ లెఫ్ట్ కల్వకుర్తి ఎట్ సిక్స్, ఇట్ విల్ బి నియర్ హైదరాబాద్ బై నౌ’ అన్న వాక్యం మిక్స్‌డ్ కండిషనలా? ఒక సగం గతం, ఒక సగం ఇప్పటిది కదా. మా కోచింగ్‌లో దీని మీద పెద్ద చర్చే జరిగింది.
— ఉద్యోగ పరీక్షల అభ్యర్థి, నాగర్‌కర్నూల్

జవాబు: కాలాలు కలిసినా, పరీక్షల్లో మిక్స్‌డ్ అని పిలిచేది దీన్ని కాదు. ఇక్కడ ఊహ లేదు. బస్సు ఆరింటికి బయల్దేరిందో లేదో చెప్పేవాడికి తెలియదు. బయల్దేరి ఉండవచ్చు కూడా. తెలియని నిజం గురించి మాట్లాడేటప్పుడు క్రియ వెనక్కి దిగదు. గతం గతంగానే (లెఫ్ట్), ఇప్పటిది విల్‌తోనే ఉంటుంది. బస్సు ఆరింటికి బయల్దేరలేదని ఖాయంగా తెలిశాక మాత్రం: ‘ఇఫ్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్ ఎట్ సిక్స్, ఇట్ వుడ్ బి నియర్ హైదరాబాద్ బై నౌ.’

ఇక్కడ తెలుగే మనకు అక్కరకొస్తుంది. షరతు సగం రెండింటిలోనూ ‘బయల్దేరి ఉంటే’ అనే ఉంటుంది, కానీ ఫలితం చూడండి. ‘ఈపాటికి హైదరాబాద్ దగ్గర ఉంటుంది’ అంటే తెలియని నిజం, విల్. ‘ఈపాటికి హైదరాబాద్ దగ్గర ఉండేది’ అంటే జరగలేదని తెలుసు, వుడ్. తెలుగులో ఉంటుంది, వస్తాడు, చేస్తాను అని ముగిస్తున్నారా, ఉండేది, వచ్చేవాడు, చేసేవాణ్ణి అని ముగిస్తున్నారా అన్నది గమనిస్తే విల్, వుడ్ గొడవ అక్కడికక్కడే తీరిపోతుంది. వుడ్ అని తేలాక మిగిలేది కాలం ఒక్కటే.

ప్రశ్న: ఇఫ్ లేకుండా ‘హ్యాడ్ ఐ నోన్’ అని మొదలుపెట్టవచ్చా? ‘బట్ ఫర్’ కూడా ఇలాంటిదేనా?
— గద్వాల

జవాబు: పెట్టవచ్చు. ఇఫ్ తీసేసి హ్యాడ్‌ను ముందుకు తెస్తే చాలు: ‘హ్యాడ్ ద బస్ కమ్ ఆన్ టైమ్, ఐ వుడ్ బి ఇన్ ద ఎగ్జామ్ హాల్ నౌ.’ ఇది రాతలో, ప్రసంగాల్లో కనిపించే తీరు. లేదు అని చెప్పేటప్పుడు ‘హ్యాడ్ ఇట్ నాట్ రెయిన్డ్’ అనాలి. ‘హ్యాడంట్’ అని కలిపి మొదలుపెట్టకూడదు.

‘బట్ ఫర్’ అంటే ‘అదే లేకపోతే’. దాని వెనక పూర్తి వాక్యం రాదు, వస్తువు పేరే వస్తుంది. కృష్ణ మీది మీ జూరాలనే తీసుకోండి: ‘బట్ ఫర్ ద జూరాల ప్రాజెక్ట్, దీజ్ ఫీల్డ్స్ వుడ్ బి డ్రై టుడే.’ ఫలితం నియమం మామూలే, ఇప్పటిదైతే వుడ్ + వి1, గతమైతే వుడ్ హ్యావ్ + వి3. ఇలాంటి ఊహల్లో ‘ఇఫ్ నాట్’ బదులు ‘అన్‌లెస్’ వాడకండి, కుదరదు.

ప్రశ్న: నియమాలు అర్థమయ్యాయి. ఇంట్లో కూర్చుని చేసుకోవడానికి కొన్ని వాక్యాలు జవాబులతో ఇవ్వండి. కొంచెం కష్టమైనవి కూడా ఉండాలి.
— గృహిణి, భువనగిరి

జవాబు: తెలుగు వాక్యం చదవగానే కింది జవాబును చేత్తో మూసి, ముందు మీరు రాయండి.

‘రాత్రి నిద్రపోయుంటే ఇప్పుడిలా తల పట్టుకుని కూర్చునేదాన్ని కాదు.’ ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ లాస్ట్ నైట్, ఐ వుడ్ నాట్ బి సిటింగ్ హియర్ విత్ ఎ హెడేక్ నౌ. ఫలితం ఈ క్షణాన సాగుతున్న పని కాబట్టి ‘వుడ్ బి’ పక్కన ఐఎన్‌జీ రూపం వచ్చింది.

‘ఎత్తంటే భయం లేకపోతే మొన్న పిల్లలతో పాటు భువనగిరి కోట ఎక్కేదాన్ని.’ ఇఫ్ ఐ వర్ నాట్ అఫ్రెయిడ్ ఆఫ్ హైట్స్, ఐ వుడ్ హ్యావ్ క్లైంబ్డ్ భువనగిరి ఫోర్ట్ విత్ ద చిల్డ్రన్. భయం ఇప్పటికీ ఉంది, ఎక్కకపోవడం మొన్నటిది.

‘వెదిరె రామచంద్రారెడ్డి 1951లో వంద ఎకరాలు ఇవ్వకపోయుంటే పోచంపల్లిని ఇవాళ భూదాన్ పోచంపల్లి అనేవారు కాదు.’ మీ పక్క ఊరే. ఆ సంవత్సరం ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట ఆయన ఆ భూమి ఇచ్చారు. ఇఫ్ వెదిరె రామచంద్రారెడ్డి హ్యాడ్ నాట్ గివెన్ ఎ హండ్రెడ్ ఎకర్స్ ఇన్ 1951, పోచంపల్లి వుడ్ నాట్ బి కాల్డ్ భూదాన్ పోచంపల్లి టుడే. చివర ‘బి కాల్డ్’ అన్నది పాసివ్. ‘వుడ్ నాట్ కాల్డ్’ అని బి వదిలేయకండి.

‘టికెట్ దొరికుంటే రేపు తిరుపతి పోయేవాళ్లం.’ ఫలితం రేపటిది. భయపడాల్సిన పనిలేదు, రాబోయే ఫలితానికీ వుడ్ వైపు రూపమే: ఇఫ్ వి హ్యాడ్ గాట్ టికెట్స్, వి వుడ్ బి గోయింగ్ టు తిరుపతి టుమారో.

‘ఆదివారం మా చెల్లి పెళ్లి లేకపోతే మీ పిలుపుకు సరేననేదాన్ని.’ కష్టమైనది ఇదే. పెళ్లి ఇంకా జరగలేదు, వచ్చే ఆదివారం ఉంది. ‘రాలేను’ అని చెప్పడం మాత్రం అయిపోయింది. షరతు రాబోయేదైనా, అది తప్పకుండా ఉన్న సంగతికి వ్యతిరేకంగా ఊహిస్తున్నాం కాబట్టి వి2: ఇఫ్ మై సిస్టర్స్ వెడ్డింగ్ వర్ నాట్ ఆన్ సండే, ఐ వుడ్ హ్యావ్ సెడ్ యెస్ టు యువర్ ఇన్విటేషన్. ఇక్కడ ‘హ్యాడ్ నాట్ బీన్ ఆన్ సండే’ అని రాస్తే, పెళ్లి పోయిన ఆదివారమే అయిపోయిందని చదివినవాళ్లు అనుకుంటారు.

‘నువ్వు అప్పుడు దారి చూపించి ఉంటే మేము ఈపాటికి చేరేవాళ్లం.’ చేరడం ఘటన, ‘ఈపాటికి’ అంటే ముగిసి ఉండేది: ఇఫ్ యు హ్యాడ్ షోన్ అస్ ద వే, వి వుడ్ హ్యావ్ రీచ్డ్ బై నౌ. అదే ‘ఇప్పుడు ఇంట్లో ఉండేవాళ్లం’ అయితే ‘వి వుడ్ బి ఎట్ హోమ్ నౌ’. చేరడం ఖాయమని చెప్పలేక ‘చేరి ఉండేవాళ్లమేమో’ అంటే వుడ్ తీసి ‘మైట్’ పెట్టండి. ‘చేరగలిగేవాళ్లం’ అంటే ‘కుడ్’. వెనక ఉన్న ‘హ్యావ్ రీచ్డ్’ కదలదు.